తాబేలుకి తోడు కావాలా?

పెరట్లో నక్షత్ర తాబేలు ఒక్కటే ఉంది, దిగులుగా ఉన్నట్టుంది, తోడుకి ఇంకొకటి తెచ్చి వదలమంటారా అని ఈ మధ్య బెజవాడ వైపు నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని మనవైపు నమ్మకం ఉంది కదా, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

గొర్రెని ఒక్కదాన్నే కడితే అరిచి గోల పెడుతుంది. తల్లిని తప్పిన కోడిపిల్లా అంతే. మన రైతులకి ఆ లెక్క అలవాటు. తాబేలు మంద జీవి కాదండీ. దానికి తోడు లేదన్న బాధ మనదే గానీ దానిది కాదు. నక్షత్ర తాబేలు కాస్త నెమ్మదైనదే, అయినా వానాకాలం జతకట్టే రోజుల్లో మగవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వెల్లకిలా పడింది ఎండలో తిరగబడలేకపోతే ప్రాణం పోతుంది. ఒక మగది, ఒక ఆడది ఉంటే మగది వెంటపడి ఆడదాన్ని కుదురుగా మేత తిననివ్వదు. అరుపూ కూతా ఉండవు కాబట్టి మనకి తెలీదు. ఓడిపోయింది మూలన చేరి తిండి మానేస్తే, బుద్ధిగా పడుకుంది అనుకుంటాం.

ఎక్కువ తాబేళ్లు ఒకచోట ఎలా ఉంటాయో చూడాలంటే శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడి ఉంది. స్వామి కూర్మావతారం, గుడి ఆవరణలోనే నక్షత్ర తాబేళ్లని ఉంచుతారు. అక్కడ కూడా తాబేళ్లు చనిపోయాయని పేపర్లలో వచ్చింది. భక్తికి లోటు లేని చోటే అలా ఉంటే మన పెరడు ఎంత?

ఇప్పటికే రెండు మూడు ఉన్నవాళ్లు ముందు వాటిని విడదీయండి. మధ్యలో ఒకదానికొకటి కనపడకుండా తడిక కట్టండి. మేత, నీళ్లు, నీడ దేనికది వేరుగా ఉండాలి. సంతలో కొన్న గేదెని తెచ్చిన రోజే మందలో కట్టం కదా, రోగం ఉంటుందేమోనని. ఇదీ అంతే. ఇంకో మాట, ఇవి మదనపల్లె వైపు మెట్ట పొదల్లో బతికేవి. మన నల్లరేగడి వానకి వారం రోజులు తడిగానే ఉంటుంది, దాంతో వీటికి ముక్కులో బుడగలొచ్చి ఊపిరితిత్తుల జబ్బు చేస్తుంది. మట్టి పోసి మెరక చేయండి.

అయితే ఇదంతా నాలుగు రోజుల ఏర్పాటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని కొనడం, ఇంట్లో పెంచడం నేరం. 2019లో ప్రపంచ దేశాలు కూడా వీటి వ్యాపారాన్ని నిషేధించాయి. రెండోది కొంటే అడవిలో ఇంకొకటి పట్టేవాడికి మనమే డబ్బులిచ్చినట్టు. అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి అప్పగించండి. భయపడి రాత్రిపూట బందరు కాలవలో మాత్రం వదలకండి. బావుల్లో, చెరువుల్లో ఉండే నీటి తాబేలు వేరు. ఇది ఈదలేదు, మునిగిపోతుంది.