బండ పైకి పాకింది!

నాకప్పుడు పన్నెండేళ్లు. సీలేరు నది మీద డొంకరాయి డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిసి, చూపించడానికి నాన్న తీసుకెళ్లారు. తెల్లటి నురగతో కిందికి దూకుతున్న నీళ్లను కన్నార్పకుండా చూశాను. కాసేపటికి పక్కనున్న బండ వైపు చూపు తిప్పితే... అది మెల్లగా పైకి పాకుతోంది!

‘‘నాన్నా, బండ కదులుతోంది!’’ అని అరిచాను.

‘‘అన్నీ అబద్ధాలే! బండ ఎక్కడైనా కదులుతుందా?’’ అంటూ నెత్తిన ఒక్కటి వేశారు.

నేను చెప్పింది అబద్ధం కాదని చాలా ఏళ్లకు తెలిసింది. 1834లో స్కాట్లండ్‌లోని ఫాయర్స్ జలపాతం దగ్గర రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయనకూ ఇలాగే రాళ్లు పైకి కదిలినట్లు కనిపించాయట.

మన మెదడులో కదలికను కనిపెట్టే కణాలున్నాయి. కొన్ని కిందికి పోయేవాటికి, కొన్ని పైకి పోయేవాటికి ఎక్కువగా స్పందిస్తాయి. కదలని వస్తువును చూస్తే రెండు పక్షాలూ సమానంగా తూగుతాయి. జలపాతాన్ని అదే పనిగా చూస్తే ‘కిందికి’ పక్షం అలసిపోతుంది. అప్పుడు బండను చూస్తే ‘పైకి’ పక్షానిదే పైచేయి! సినిమా చివర పైకి పోయే పేర్లు ఆగగానే కిందికి జారినట్లు అనిపించేదీ ఇందుకే.

రెండేళ్ల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ, రోడ్డు దాటాలంటే భయం పట్టుకుంది. ‘‘బస్సు దూరంగా ఉందనుకుంటానురా, అంతలోనే మీదికొచ్చేస్తుంది’’ అనేవారు. ఆ రోజుల్లోనే ఓ జర్మన్ మహిళ గురించి చదివాను. మెదడు వెనకభాగం రెండువైపులా దెబ్బతిన్న ఆమెకు రంగులు, రూపాలు తెలిసేవి గానీ కదలిక తెలిసేది కాదు. కప్పులో పోస్తున్న టీ గడ్డకట్టినట్లు కనిపించేది. పరిశోధకులు ఆమె సంగతి 1983లో ప్రచురించారు. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

కిందటి వానాకాలంలో నాన్నను మళ్లీ డొంకరాయి తీసుకెళ్లాను. దూరంగా కూర్చోబెట్టి, ‘‘ఓ నిమిషం నీళ్లనే చూడండి. తర్వాత ఆ బండను చూడండి’’ అన్నాను.

చూశారు.

‘‘ఒరేయ్... పైకి పోతోందిరా!’’

ఆ కణాలు అలసిపోవాలంటే ముందు పనిచేయాలి కదా! ఇది వైద్యపరీక్ష కాదని తెలుసు. అయినా నా గుండె తేలికపడింది.

తిరిగి వస్తూ రోడ్డు దాటేటప్పుడు ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు.

‘‘ఆరోజు నిన్ను ఊరికే కొట్టానురా’’ అన్నారు.