మచిదా: పురుగుల వేట ఆటగా మారిన ఊరు

టోక్యో మహానగరపు పడమటి అంచున మచిదా అనే పట్టణమున్నది. షింజుకు స్టేషనులో ఒడాక్యూ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ముప్పావు గంటలోపే చేరవచ్చు. కోటలు, ఆలయాలు చూడగోరే యాత్రికులు ఇటు అంతగా రారు. కాని మన పిల్లలకు చిరపరిచితమైన పోకెమాన్ ఆటకు బీజం పడినది ఇక్కడనే.

ఆట సృష్టికర్త సతోషి తజిరి 1965లో జన్మించి, మచిదాలో పెరిగారు. ఆనాడు ఊరిచుట్టూ పొలాలు, చెరువులు, తోపులు ఉండేవి. పురుగులు పట్టడంలో ఆరితేరిన ఆయనను తోటి పిల్లలు ‘పురుగుల డాక్టరు’ అనేవారు. క్రమేణా పొలాలు ఇళ్ళయినవి, చెరువులు పూడినవి. ఆ వేటలోని ఆనందాన్ని తరువాతి తరానికి అందించాలన్న తపనే 1996 ఫిబ్రవరి 27న ఆటగా వెలువడినది.

దానికి సంగీతం కూర్చినవారు జునిచి మసుదా. గేమ్ బాయ్ యంత్రంలో ఆయనకు దొరికినవి నాలుగే గొంతులు. రెండు చదరపు తరంగాలవి, ఒకటి కోరినట్లు మలచుకోదగినది, నాల్గవది వట్టి రొద. ఒక గొంతు పాట నడిపితే రెండవది తోడు స్వరమిస్తుంది, మూడవది మంద్రంలో నిలుస్తుంది, రొద తాళమవుతుంది. స్వరమేళనానికి గొంతులు చాలనిచోట ఒకే గొంతు స్వరాలను వెంటవెంటనే వడిగా పలుకుతుంది. చెవి వాటిని కలిపి వింటుంది. మృత ప్రాణుల సమాధులుండే లావెండర్ పట్టణంలో మాత్రం స్వరాలు పొసగక మనసును కలవరపెడతాయి.

151 ప్రాణులకు వేర్వేరు కూతలు పొందుపరచే చోటు ఆ యంత్రంలో లేదు. అందువల్ల కొన్ని మూల ధ్వనులనే తీసుకొని, స్థాయి, నిడివి మార్చి అన్నిటికీ గొంతులిచ్చారు. పోరులో ప్రాణి కూసినప్పుడు సంగీతం తన మూడు గొంతులను దానికి విడిచిపెట్టి, మంద్రస్వరంతో మాత్రం సాగుతుంది. గాయకుడు అందుకోగానే పక్కవాద్యాలు తగ్గినట్లుంటుంది ఆ తీరు.

నేడు మచిదాలోని సెరిగాయా పార్కులో ఈ ప్రాణుల బొమ్మలున్న మ్యాన్‌హోల్ మూతలను చూడవచ్చు. వేసవిలో జపాను తోటలు కీటకాల రొదతో మారుమ్రోగుతాయి. ఆటలోని కూతలు చిప్పులో భద్రంగానే ఉన్నవి. పూడిపోయిన చెరువుల కప్పల బెకబెకలు ఏ యంత్రంలోనూ లేవు. మన టౌన్‌షిప్పులలో చెట్లు, కుంటలు మిగిలినచోట సాయంవేళ పిల్లలను ఒకమారు తీసుకువెళ్ళి కీచురాళ్ళ పాట వినిపించడం మంచిది. ఆట ఎక్కడినుంచి వచ్చినదో వారికి తెలుస్తుంది.