రెండు చీటీలు

వాగ్భటుడు ఆయుర్వేదం ఎనిమిది అంగాలలో జరాచికిత్సను ఒకటిగా లెక్కించాడు. ముదిమికి వేరే వైద్యం కావాలని పూర్వులు ఎరుగుదురన్నమాట. కానీ హెచ్ఐవి సోకినవారికి కూడా ముదిమి వస్తుందని మా గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఇరవై ఏళ్ళ క్రితం ఎవరనుకున్నారు? 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తొలిరోజుల్లో మందు అందుకొని నిలిచినవారిలో అనేకులిప్పుడు అరవై దాటారు.

మా వీధిలో ఒకామె ఉన్నది. భర్త లారీ డ్రైవరు. ఆ జబ్బుతోనే పోయాడు. మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోయి, ఆ ఘాటులో దగ్గుతూ, ఇద్దరు పిల్లలను పెంచింది. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవారే. ఆమధ్య రెండు మందుల చీటీలు పట్టుకొని వచ్చింది.

"మాస్టారూ, ఇవి రెండూ పొద్దున్నే పరగడుపున ఒక్కసారే మింగుతున్నా. పర్లేదాండీ?"

ఒకటి ఏఆర్టీ కేంద్రానిది. రెండోది మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్ఎంపీ రాసిన కాల్షియం. ఆయనకు ఈమె జబ్బు తెలియదు. చెబితే తెల్లారేసరికి ఊరంతా పాకుతుందని ఆమె భయం. ఆ భయం నిరాధారమని నేననలేను. కాల్షియం సంగతి కేంద్రంలోనూ చెప్పలేదు. "నొప్పుల బిళ్ళే కదండీ!"

రెండు చీటీలూ కేంద్రంలో చూపించమని పంపాను. డోలుటెగ్రావిర్‌ను కాల్షియంతో కలిపి పరగడుపున వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదట. కాల్షియానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతో వేసుకోవాలి. లేదా రెండింటినీ అన్నంతో కలిపి వేసుకోవచ్చు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ జాగ్రత్త అవసరం. దాని మోతాదు తగ్గించవలసి రావచ్చు. వైరస్ అణగి ఉన్నా లోపలి తాపం పూర్తిగా చల్లారదు గనుక గుండె, ఎముకలు, మూత్రపిండాలు ఒకింత ముందుగానే వార్ధక్యాన్ని పొందుతాయి. అంటే వయసు పెరిగేకొద్దీ చీటీలూ పెరుగుతాయి. ఒక వైద్యుని చీటీ మరొకరికి చూపలేని మనిషి గతి ఏమిటి?

కంటి శుక్లాలకు వెళ్ళినప్పుడు ఆమె దాచలేదు. ఆ ఆసుపత్రివారు "ఇక్కడ చెయ్యం" అన్నారు. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్ఐవి చట్టం ప్రకారం ఈ కారణంతో వైద్యం నిరాకరించరాదు. ఆ మాట ఉటంకిస్తూ ఒక అర్జీ రాసిచ్చాను. నా గ్రాంథికానికి పిల్లలు నలభై ఏళ్ళు నవ్వుకున్నారు గాని, ఆ కాగితం చదివినవారు నవ్వలేదు. వచ్చే మంగళవారం రమ్మన్నారు.

కాల్షియం బిళ్ళ ఇప్పుడు మధ్యాహ్నం అన్నంలోకి మారింది. ఆర్ఎంపీగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.