పడిన చోటు నుంచే మళ్లీ



మన పల్లెల్లో కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా చూడవచ్చినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంతయింది? ఎందుకు పనికొస్తుంది? మొదటిదానికి బిల్లు చూపిస్తే చాలు. రెండోదానికి జవాబు ఒక్కోసారి మనం అనుకోని చోట దొరుకుతుంది. నాకు అది ఒక పిల్లల ఆటలో దొరికింది.

మా ఊరు పర్చూరుకూ చిలకలూరిపేటకూ మధ్య, నల్లరేగడి పొలాల నడుమ ఉంది. ప్రత్తి, మిర్చి, శనగ మా బ్రతుకు. 2024 క్రిస్మస్ సెలవులకు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ ప్లేస్టేషన్ 5 అనే ఆట యంత్రాన్ని వెంట తెచ్చి, మా తమ్ముడి ఇంట్లో టీవీకి తగిలించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రకం అది. అప్పట్లో దాని ధర 54,990 రూపాయలు. ఆ మాట వినగానే మా అమ్మ చెంపలు నొక్కుకుంది. తరువాత 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించింది. ఆ లెక్కన ఆ యంత్రం వెల నాలుగున్నర క్వింటాళ్ల మిర్చికి పైమాటే. గుంటూరు యార్డు లెక్కలో పది టిక్కీలు దాటుతుంది. కాబట్టి ఇది ప్రతి ఇంటా ఉండవలసిన వస్తువని నేను చెప్పబోవడం లేదు.

మా తమ్ముడి కొడుకు ఏడో తరగతి. వాడు ఆడిన ఆట పేరు ‘ఆస్ట్రో బాట్’. జపాను రాజధాని టోక్యోలో టీమ్ అసోబి అనే చిన్న బృందం దీన్ని తయారుచేసింది. జపాను భాషలో అసోబి అంటే ఆట అనే అర్థమట. 2024 సెప్టెంబర్ 6న విడుదలై, ఆ డిసెంబర్‌లోనే అమెరికాలో జరిగే ది గేమ్ అవార్డ్స్‌లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగా ఎంపికైంది. అందులో ఆస్ట్రో అనే బుడ్డ రోబో ఉంటాడు. వాడి ఓడను శత్రువు బద్దలుకొట్టగా, తోటి రోబోలు మూడు వందల మంది ఆకాశంలోని గ్రహాలన్నిటికీ చెదిరిపోతారు. గ్రహం తరువాత గ్రహం వెళ్లి, గుంతలు దూకి, గోడలెక్కి, వాళ్లను ఒక్కొక్కరినే వెదికి తెచ్చుకోవడమే ఆట.

కంటికి అది నిజంగా వింతే. నీళ్లు నీళ్లలాగే మెరుస్తాయి, ఇసుక ఇసుకలాగే జారుతుంది. అంతకంటే వింత చేతిలోని మీటల పెట్టె. బొమ్మ ఇసుకలో నడిస్తే చేతికి ఒకలాగ, గడ్డిలో నడిస్తే ఒకలాగ, ఇనుపరేకు మీద నడిస్తే మరొకలాగ సన్నటి అదురు తెలుస్తుంది. మా అమ్మ కూడా ఒకసారి పట్టుకుని చూసి, "జెర్రి పాకినట్టుందిరా" అని వదిలేసింది.

ఈ రకపు ఆటలు మాకు బొత్తిగా తెలియనివి కావు. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో, 1990 దాటాక, పట్టణపు సందుల్లో గంటకింత అని తీసుకుని టీవీ ఆటలు ఆడించేవారు. నింటెండో కంపెనీవారు 1985లో తెచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట అప్పుడు మా పిల్లలకు పిచ్చి. అందులో మొదట చేతికిచ్చేవి మూడు ప్రాణాలు. దారిలో సంపాదించుకున్నవాటితో సహా అన్నీ అయిపోతే ఆట ముగిసినట్టే. ఎంత దూరం వెళ్లినవాడైనా మళ్లీ మొదటికి రావలసిందే. గంట కూడా అయిపోతే చేతులూపుకుంటూ ఇంటికి.

ఈ కొత్త ఆటలో కథానాయకుడు ఒక్క దెబ్బకే పడిపోతాడు. మావాడు ఒక గోడ దగ్గర ఇరవైసార్లయినా పడి ఉంటాడు. వెనకాల నులకమంచం మీద కూర్చుని చూస్తున్న మా తమ్ముడు ఉండబట్టలేక మేనల్లుణ్ణి అడిగాడు.

"ఒరే అబ్బాయ్, వీడు పడ్డ చోటి నుంచే లేస్తున్నాడేంట్రా? మొదట్నుంచి రానక్కర్లేదా?"

"అక్కర్లేదు చిన్న మామయ్యా. దారిలో అక్కడక్కడా చెక్‌పాయింట్లుంటాయి. అంతదాకా వచ్చింది పోదు. ఇక్కడ ప్రాణాలకు లెక్క లేదు. ఎన్నిసార్లు పడినా అక్కడి నుంచే మళ్లీ."

"అంటే మన చెక్‌పోస్టు లాంటిదా?"

"చెక్‌పోస్టులో ఆపుతారు మామయ్యా. ఇది కాస్తుంది."

మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పడేవాడి సంగతి ఎవరో ముందే ఆలోచించి పెట్టారన్నమాట" అన్నాడు. ఆ మాట వాడి నోట ఎందుకు వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

2021-22 సీజనులో వాడు మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. ఆ సంవత్సరం నల్ల తామర పురుగు వచ్చింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి గుర్తించిన పురుగు అది. మా మిర్చి చేలల్లో పూలలో చేరి రసం పీల్చి, పూత పూతంతా రాల్చేసింది. ఏ మందుకూ లొంగలేదు. కొట్టిన కొద్దీ దుకాణంలో బాకీ పెరిగింది. కాయ కోయవలసిన రోజుల్లో వాడు చెట్లు పీకించాడు. ఆ తరువాత మాట తగ్గింది, తిండి తగ్గింది. రాత్రిళ్లు దొడ్లో ఒంటరిగా తిరిగేవాడు.

ఈ నేలమీద అటువంటి మౌనం చూస్తే నా వయసువాళ్లకు గుండె జారుతుంది. 1987-88లో ప్రత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు చేతగానివాళ్లు కారు. ఏళ్ల తరబడి సేద్యం చేసినవాళ్లు. ఒక్క దెబ్బతో మొత్తం పోయిందనీ, ఇక మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక లేదనీ అనిపించిన ఘడియలో వాళ్ల పక్కన ఎవరూ లేకపోయారు.

మా తమ్ముడి పక్కన ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. పొలం యజమానురాలు, భర్త పోయిన మనిషి, సగం కౌలు వచ్చే ఏడు ఇమ్మంది. పక్క చేను రైతు తన విత్తనాల్లో పాలిచ్చాడు. నా భార్య ఒక మధ్యాహ్నం వెళ్లి మరదలితో మాట్లాడి, పురుగుమందు డబ్బాలన్నీ మా ఇంటికి తెచ్చి తాళం పెట్టింది. ఎందుకని వాడు అడగలేదు, ఆమె చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద సాయం మా వీధి చివరి పెద్దాయనది. 1988లో ఆయన తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నాడు. రెండు నెలలపాటు ప్రతి సాయంత్రం వచ్చి మావాడి అరుగు మీద కూర్చునేవాడు. సలహా చెప్పేవాడు కాదు. వానల గురించీ, గేదెల గురించీ నాలుగు మాటలాడి, టీ తాగి వెళ్లేవాడు. తరువాతి ఏడు మా తమ్ముడు ఎకరంలోనే మిర్చి వేసి, మిగతా నేలలో శనగ చల్లాడు. అప్పు ఒక్కసారిగా తీరలేదు. కానీ వాడు పడిన చోటి నుంచే లేచాడు.

ఆటకూ బ్రతుకుకూ పోలిక ఎంతవరకో అంతవరకే. తెరమీద పడినవాడు కన్నుమూసి తెరిచేలోగా లేస్తాడు. పొలంలో పడిన మనిషి ప్రాణమే పోతే తిరిగి రాడు. ఆట చేసినవాళ్లు చెక్‌పాయింట్లను ముందుగానే పెట్టి ఉంచారు. మన ఊళ్లలో వాటిని ఎవరో వచ్చి పెట్టరు. గడువు పొడిగించే చేయి, పాలిచ్చే చేయి, పక్కన కూర్చునే మనిషి, మన చెక్‌పాయింట్లు ఇవే. ఇవి పంట పోయినాక వెదుక్కునేవి కావు, ముందే ఉండవలసినవి.

ఆ ఆటలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆస్ట్రో వెదికి తెచ్చిన రోబోలు వట్టినే కూర్చోరు. వాడి ఓడ కూలిన ఎడారిలో దారి తెగిన చోటల్లా ఒకరినొకరు పట్టుకుని వంతెనగా, నిచ్చెనగా నిలబడతారు. వాడు వాళ్ల మీదుగా ముందుకు పోతాడు. నిన్న రక్షణ పొందినవాడు నేడు ఇంకొకరికి మెట్టు.

మీ ఇంట ఇటువంటి ఆట ఉంటే పిల్లలకు కాలనియమం పెట్టండి. మా మరదలు అన్నాల తరువాత ఒక గంట అని పెట్టింది, అలారం మోగితే టీవీ ఆపవలసిందే. అప్పుడప్పుడు మీరూ వాళ్ల పక్కన కూర్చోండి. పిల్లవాడు ఇరవైసార్లు పడి ఇరవైయొకటోసారి గోడ దాటినప్పుడు ఆ ముఖం చూడండి. ఇంట్లో ఎవరైనా మౌనమైపోతే, "ధైర్యంగా ఉండు" అని దాటిపోకండి, పక్కన కూర్చోండి. అవసరమైతే 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ వారికి 14416కు ఫోను చేయండి. రాత్రి, పగలు మాట్లాడేవారుంటారు, ఖర్చు లేదు.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడినప్పుడు మా తమ్ముడికీ నష్టమొచ్చింది. ఎకరమే కాబట్టి తట్టుకున్నాడు. మా వెనక వీధి కుర్రవాడు ఒకడు ఆరెకరాలు వేసి యార్డు నుంచి తలవంచుకుని వచ్చాడు. ఆ సాయంత్రం నుంచి మా తమ్ముడు టీ వేళకు మా ఇంట కనబడటం మానేశాడు. ఎక్కడికి వెళుతున్నావని మేమెవరమూ అడగలేదు.