తిరగలి రాయి

మా అమ్మమ్మ కుడిభుజం ఒరిగి ఉండేది. ‘‘తిరగలి తిప్పీ తిప్పీనే!’’ అని నవ్వేసేది. ఇంకేం చెప్పేది కాదు.

స్కాట్లండులో మోయిన్ భ్రంశం దగ్గర, పొర మీదికి పొర జరిగినచోట నలిగిన రాయికి 1885లో లాప్‌వర్త్ ‘మైలోనైట్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకి మూలం మిల్లుట. అంటే మన తిరగలి రాయే! రాయి పిండయిందనుకున్నాడు పాపం. కాదుట. లోతున, ఆ వేడికి క్వార్ట్జ్ విరక్కుండా సాగింది. గట్టి ఫెల్‌స్పార్ గింజలు మాత్రం మిగిలి, రెండు పక్కలా తోకలు తొడుక్కున్నాయి. ఆ తోకల వంపు చూసి, పైపొర పడమటికి జరిగిందని చెప్పేస్తారు. సుమారు 43 కోట్ల ఏళ్ళ కిందటి లాగుడు!

రాయి నోరు విప్పకపోయినా చదివేవాళ్ళున్నారు. అమ్మమ్మ భుజానికి రోజూ నూనె రాసినదాన్ని, ‘ఎవరు ఎటు లాగారమ్మమ్మా?’ అని ఒక్కసారైనా అడిగానా?