రెండు తులాల గొలుసు

2017లో మానుకోటలో ఒక షావుకారు దగ్గర అమ్మ రెండు తులాల గొలుసు కుదువ పెట్టి 40,000 తెచ్చాం. నూటికి రెండు రూపాయల మిత్తి. ఇంటర్ అయిన నాకు ఆరు నెలల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు ఫీజుకు, హాస్టల్‌కు ఆ పైసలు సరిపోయాయి. "గొలుసుదేముంది బిడ్డా, నీకు నౌకరైతే విడిపిచ్చుకుంటం" అంది అమ్మ.

నెలకు 800 మిత్తి, ఏడాదికి 9,600. అదే గొలుసు బ్యాంకులో పెడితే రూపాయి మిత్తికి మించేది కాదు. ఊళ్లో అందరూ పోయే గడపే తొక్కాం. బ్యాంకులో ఒక్కమాట అడుగుదామన్న ఆలోచనే మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

మిత్తి కన్నా పెద్ద నష్టం సర్టిఫికెట్ దగ్గర జరిగింది. చేరేటప్పుడు "నర్సు అయిపోతవు" అన్నారు. ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కదని, సర్కారు ఏఎన్ఎం పోస్టుకు దరఖాస్తు కూడా పెట్టలేనని డబ్బు కట్టాకే తెలిసింది. ఇంకో సంగతి విని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ పేరుతో ఇదే పనిని పల్లెల్లోని పేదింటి పిల్లలకు డీడీయూ-జీకేవై అనే సర్కారు పథకం కింద ఉచితంగా, ఉండడానికి వసతి ఇచ్చి మరీ నేర్పేవారట.

అయినా పని దొరికింది. జనగామలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానా, జీతం 8,000, చేతికే ఇచ్చేవారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పక్షవాతంతో పడిపోయిన ఒక తాతను రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిల్లించేదాన్ని. నడుము కింద చర్మం ఎర్రబడిందేమోనని సెల్‌ఫోన్ లైటు వేసి చూసేదాన్ని. తెల్లారి ఆరింటికి మూత్రం సంచిలో గీతలు చూసి 450 మిల్లీలీటర్లని కాగితం మీద రాసేదాన్ని. రాత్రి ఎన్ని నీళ్లు తాగాడో పక్కనే రాయాలి. ఆ అలవాటుతోనే నా జీతానికీ ఒక నోటుబుక్కు పెట్టాను. మిత్తి 800, గదికి, తిండికి 2,500, చిట్టీకి 2,000. మిగిలిందాంట్లో ఇంటికి పంపాలి.

ఆ చిట్టీ 25 నెలలది, 50,000. పదో నెలలో పాడుకుంటే 42,000 చేతికొచ్చింది. నాయిన "ఎనిమిది వేలు పాయె" అన్నాడు. ఏడాది మిత్తి కన్నా అది తక్కువేనని నోటుబుక్కు తీసి చూపించాను. మిగిలిన కిస్తీలు ఎట్లాగూ కట్టాల్సినవే. మరునాడే గొలుసు విడిపించాం.

ఆ తర్వాతే రెండేళ్ల ఏఎన్ఎం కోర్సు. ఈసారి మొదట అడిగింది ఒక్కటే: "కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వస్తదా?" ఫీజుకు అమ్మ పొదుపు సంఘంలో 30,000 రుణం తీసుకుంది. సెలవులప్పుడు జనగామకే పోయి నైట్ డ్యూటీలు చేశాను. పాత సర్టిఫికెట్ వల్ల నాకు దక్కింది ఆ పని చేతికి రావడమే. అందుకే అసిస్టెంట్ పని వద్దని ఎవరికీ చెప్పను. ఇంట్లో ఆకలి ఉన్నప్పుడు ఆరు నెలల్లో జీతం మొదలవడం చిన్న విషయం కాదు. అప్పు చేసి మాత్రం ఆ కాగితం కొనవద్దంటాను.

ఇప్పుడు భూపాలపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను, 14,000. ఈఎస్ఐకి నెలకు 105 రూపాయలు కోస్తారు. నామీద ఆధారపడ్డ అమ్మానాయినలకూ దాంట్లో వైద్యం ఉంటుంది కాబట్టి, ఇంకో చోట వెయ్యి ఎక్కువిస్తామన్నా ఈఎస్ఐ లేదంటే పోలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. అంతకుముందు ఇంటికి పోయి రావడానికి నెలకయ్యే ఏడెనిమిది వందలు ఇప్పుడు పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తున్నాను.

ఏఎన్ఎంగా కౌన్సిల్‌లో నమోదైతే మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ కోర్సుకు పోవచ్చు, ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా ఉంది. ఫీజు కన్నా ఆగిపోయే జీతమే నన్ను భయపెడుతోంది: 36 నెలలు, 5,04,000. నాయినకు కూలి చేతనవుతున్నన్నాళ్లే అది నేను భరించగలను. అందుకే ఆర్‌డీ నిండేదాకా ఆగకుండా వచ్చే ఏడే పోవాలనుకుంటున్నాను.

మొన్న మా వాడకట్టు పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, అసిస్టెంట్ కోర్సంట, 45,000 అంటున్నరు. బాపు ఎద్దులు అమ్ముతా అంటున్నడు."

"కౌన్సిల్ నంబరు వస్తదా అని అడిగినవా చెల్లె?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "రేపు పోయి అడుగుత అక్కా" అంది. "బాపుకు కూడా చెప్త, ఎద్దులు ఇప్పుడే అమ్మొద్దని."