మ్యాటు ఎత్తి చూడండి

పాత కారు కొనబోయేవాళ్ళు ముందుగా బానెట్ ఎత్తమంటారు. ఇంజన్ స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విని, ఏదో అర్థమైనట్టు తలూపుతారు. విజయవాడ ఆటోనగర్‌లో నేను చూసిన మేస్త్రి అసలు బానెట్ జోలికే పోలేదు. తలుపు తీసి, కాళ్ళ దగ్గరి రబ్బరు మ్యాటు లాగేసి, స్క్రూడ్రైవర్ మొనతో కింది రేకును అక్కడక్కడా పొడిచాడు. ఒకచోట మొన దిగిపోయింది.

"చూశారా మాస్టారూ, నేల కనిపిస్తోంది. ఇది కారు కాదండీ, కారు ఆకారంలో ఉన్న లప్పం."

మాస్టారు మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేనూ ఆయన దగ్గర చదువుకున్నవాడినే. అంబాసిడర్ కొనుక్కోవాలన్నది ఆయనకు చాలాకాలంగా ఉన్న కోరిక. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లల చదువులకీ ఇంటి అప్పుకీ సరిపోయింది. ఇప్పుడు తీరిక దొరికింది. "నాకు ఏసీ వద్దు, టచ్ స్క్రీనూ వద్దు. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉండాలి, ముందు సీటు బల్లలా ఒకటే ఉండాలి" అన్నారు. తోడు రమ్మంటే వెళ్ళాను.

బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర దిగి లోపలికి నడిస్తే, ఒక్కో వీధిలో ఒక్కో పని. ఒకచోట పట్టీలు కాల్చి వంచుతుంటారు, ఇంకోచోట రేడియేటర్లకు మాట్లు వేస్తుంటారు, ఆ పక్క సందులో లారీ క్యాబిన్‌కు చెక్కపని జరుగుతుంటుంది. లేతు షాపులకైతే లెక్కే లేదు. 1960ల్లో మొదలైన ఈ పేట ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. పెద్దదో కాదో కొలవలేదు గానీ, దొరకని భాగాన్ని నమూనా చూసి తయారుచేసి ఇచ్చే మనిషి ఇక్కడ ఏదో ఒక సందులో కచ్చితంగా ఉంటాడు. పాత కారు మోజున్నవాడికి ఈ ఊరు దగ్గర్లో ఉండడం అదృష్టం. జేబుకు మాత్రం కాదు.

మేస్త్రి షెడ్డులో ఆ రోజు రెండు అంబాసిడర్లు, ఇంజన్ దించేసిన ఒక ప్రీమియర్ పద్మిని ఉన్నాయి. గోడకు రెండు వరసల్లో పానాలు తగిలించి ఉన్నాయి. రెండెందుకని అడిగితే నవ్వాడు. "అంబాసిడర్ ఇంగ్లీషోడి బండి సార్, అన్నీ అంగుళాల బోల్టులు. పద్మిని ఇటలీ బండి, మిల్లీమీటర్లు. కొత్త కుర్రాడు దీని పానా దానికి పెట్టాడంటే బోల్టు తల గుండ్రమైపోద్ది."

ఆ ఒక్క మాటలో రెండు బండ్ల పుట్టుపూర్వోత్తరాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో చేయడం మొదలుపెట్టింది. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మేలో ఆగింది. మధ్యలో గ్రిల్ మారింది, దీపాలు మారాయి, ఇంజన్ మారింది. ఆ గుండ్రటి నడ్డి మాత్రం చివరిదాకా అలాగే ఉంది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. పద్మిని విషయానికొస్తే, అది ఫియట్ 1100డి. ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసింది. చిత్తోడ్ రాణి పేరు ఆ తర్వాత పదేళ్ళకు గానీ దానికి రాలేదు. ముంబై రోడ్ల మీద నలుపు పసుపు రంగుల పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరుతో కనుమరుగైంది.

మాస్టారికి ఈ చరిత్రంతా కంఠతా వచ్చు. రానిదల్లా రేకు సంగతి. అదే మేస్త్రి దగ్గరుండి చెప్పాడు.

లారీకీ జీపుకీ కింద చాసిస్ విడిగా ఉంటుంది, మీద బాడీ కూర్చుంటుంది. బాడీ తుప్పు పట్టినా చాసిస్ బరువు మోస్తుంది. అంబాసిడర్‌కూ పద్మినికీ ఆ వెసులుబాటు లేదు. బాడీయే చాసిస్. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే డొల్ల రేకు పెట్టెలు, కాళ్ళ కింది నేల రేకు, వెనక పట్టీలు బిగించే చోటు కలిసే బండిని నిలబెడతాయి. అందుకే మేస్త్రి రెండో బండి కింద జాకీ పెట్టి, తలుపు దగ్గర పైకి లేపి, తలుపు తీసి వేయమన్నాడు. చక్కగా పడింది. "కింద పుచ్చిపోయిన బండైతే జాకీ లేపగానే మధ్యలో వంగుద్ది. తలుపు పడదు, పడితే మళ్ళీ రాదు" అన్నాడు. తర్వాత గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని మడ్‌గార్డుల మీద, తలుపుల అంచుల మీద జరుపుతూ వెళ్ళాడు. అతుక్కోని చోట ఉన్నది లప్పమే. ముందు అద్దం రబ్బరు కింద, డిక్కీలో స్టెప్నీ గుంతలో, వెనక చక్రాల పైన వేలితో తడిమాడు. నీళ్ళు నిలిచే చోట్లన్నీ ఆయనకు నోటికొచ్చు.

బండి ఎక్కడ తిరిగిందన్నదీ అడిగాడు. బందరు, కాకినాడ, విశాఖ వైపు బండైతే గాలిలో ఉప్పు తినేస్తుందని ఆయన వాదన. అనంతపురం, కర్నూలు వైపు బండి రంగు వెలిసి, సీట్లు చిరిగి చూడ్డానికి దరిద్రంగా ఉన్నా, కింద రేకు టంగుమంటుందట. కొనేవాళ్ళు మెరుపు చూసి కోస్తా బండి కొంటారనీ, తను వెలిసిన సీమ బండి కొంటాననీ అన్నాడు.

ఇంజన్ గురించి మాస్టారు పదేపదే అడిగారు. ఆయన కంగారు మేస్త్రికి అర్థం కాలేదు. 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఇక్కడ బాగుచేయలేనిది లేదు. సిలిండర్లు అరిగితే లేతు షాపులో బోరింగ్ చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేస్తారు. క్రాంక్ గ్రైండింగ్ చేసి, దానికి తగ్గ బేరింగులు వేస్తారు. హెడ్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కాలంనాటివి. వాల్వు వచ్చి కూర్చునే చోటును ఆ సీసమే అరగకుండా కాపాడేది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. కాబట్టి హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వు సీట్లు దిగ్గొట్టించడం మంచిది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలకూ పెట్రోలు పంపు డయాఫ్రమ్‌కూ అది పడదు. మెత్తబడి, చీలి, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారిందంటే బండి తగలబడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు ముందే వేయించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. కానీ రంగుకు పెట్టిన శ్రద్ధ గొట్టాలకు ఎవరూ పెట్టరు.

షెడ్డులోని ఆ రెండో అంబాసిడర్ రేకు బాగుంది, తలుపు బాగా పడింది, మాస్టారి మొహం వెలిగిపోయింది. అప్పుడు బ్రోకరు సి-బుక్కు తెచ్చాడు. బుక్కులో ఇంధనం పెట్రోలు. బానెట్ కింద ఉన్నది మటడోర్ డీజిలింజను. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది ఇలాగే మార్పించారు. కొందరు ఆర్టీఓ ఆఫీసులో రాయించుకున్నారు, కొందరు వదిలేశారు. ఇది వదిలేసిన బాపతు. ఇంజన్ నంబరు కలవదు, ఇంధనం కలవదు. "అదేముంది, నేను చూసుకుంటా కదండీ" అన్నాడు బ్రోకరు. మేస్త్రి ఏమీ అనలేదు, బానెట్ దించేశాడు. మాస్టారికి అర్థమైంది.

పుచ్చిన రేకును కోసి కొత్తది అతికించవచ్చు. అలా అతుకు వేయడానికి వీల్లేనివి కాగితాలు. 1989కి ముందటి మూడక్షరాల నంబరు బండైతే దాని వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయా అని ముందు చూడాలి. లేకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. దానికి ఒరిజినల్ బుక్కు కావాలి, బుక్కులో ఉన్న ఓనరో వారసులో కావాలి. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు బుక్కుతో అక్షరం అక్షరం కలవాలి. ఎప్పటిదో ఫైనాన్స్ తీరినా బుక్కులో కొట్టేయించకపోతే అదో తిప్పట. ఇవన్నీ అయ్యాక రెన్యువల్ ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. ఐదేళ్ళకోసారి కట్టాలి.

ఒకప్పుడు ప్రభుత్వ ఆఫీసుల తెల్ల అంబాసిడర్లు వేలంలో చవగ్గా వచ్చేవి. ఆ దారీ మూసుకుపోయింది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. అవి నేరుగా తుక్కుకే పోతున్నాయి.

మాస్టారి మనసులో వింటేజి నంబరు కోరిక కూడా ఉంది. యాభై ఏళ్ళు దాటిన, సొంత వాడకపు వాహనాలకు 2021 జులైలో కేంద్రం విడిగా ఒక పద్ధతి తెచ్చింది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000, తర్వాత రెన్యువల్‌కు 5,000, గడువు పదేళ్ళు. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. ఆపైన అసలు షరతుంది: ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ అవసరాలకు రోడ్డెక్కకూడదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది. ఆరో నిజాం దాన్ని చేయించుకున్నారు, అది వచ్చేలోపే 1911లో కన్నుమూశారు. అలాంటి బండికి ఈ నియమం బాగా అతుకుతుంది. మనవరాలిని ఎక్కించుకుని గుడికి వెళ్ళాలనుకునే లెక్కల మాస్టారికి అతకదు. మామూలు రిజిస్ట్రేషన్ బతికున్నంతకాలం దాన్నే రెన్యువల్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

చివరికి మాస్టారు కొన్నది షెడ్డులో లేని బండి. మేస్త్రి కబురు పెడితే అనంతపురం వైపు నుంచి వచ్చిన 1978 మార్క్ 3. హెడ్‌లైటు రింగు ఒకటి లేదు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. కింద రేకు మాత్రం మొన దిగనివ్వలేదు. బుక్కు మొదటి ఓనరు కొడుకు దగ్గరే భద్రంగా ఉంది. నేను మళ్ళీ వెళ్ళేసరికి బండి పూర్తిగా విప్పి ఉంది. టింకరింగ్ మేస్త్రి డ్రైవరు పక్క అంచు రేకు రెండు జానలు కోసేసి, కొత్త రేకును సుత్తితో డాలీ మీద ఒంపు తీస్తున్నాడు. కొట్టడం, పెట్టి చూడడం, తీసి మళ్ళీ కొట్టడం. వెల్డింగ్ అయ్యాక లోపలి డొల్లలోకి కూడా తుప్పు పట్టని మందు కొడతానన్నాడు. బయటికి కనిపించని చోటికి ఇంత పనెందుకని పక్కనున్న కుర్రాడు గొణిగాడు. "కనిపించని చోటే కదరా పుచ్చింది" అన్నాడు మేస్త్రి.

రంగు దగ్గర గురువుకీ మేస్త్రికీ పేచీ వచ్చింది. మాస్టారికి పాతకాలపు డ్యూకో నునుపు కావాలి. మేస్త్రికి పీయూ పెయింటు వేయాలని ఉంది, అది ఎండకు ఆగుతుందని. నేను మేస్త్రి పక్షం. ఇంకో విషయంలో ఇద్దరి మీదా నెగ్గాను: సీటు బెల్టులు పెట్టించాలి, బ్రేకుల్లో వీల్ సిలిండర్లు, రబ్బరు కప్పులు, గొట్టాలు అన్నీ కొత్తవే వేయాలి. ఈ మార్కుకు నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పాతదనం మీద ప్రేమ బ్రేకుల దాకా పోకూడదు.

హెడ్‌లైటు రింగు కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి రావాలి. పాత అంబాసిడర్ సామానుకు అది పెద్ద సంత. వచ్చాక రంగు మొదలుపెడతారట. మూడు నెలలన్న పని ఏడాది పడుతుందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. బండికి పెట్టినదానికి రెండింతలు రిపేరుకు దగ్గర పెట్టుకోమని మేస్త్రి మొదటే చెప్పాడు. ఆ లెక్క తప్పేలా లేదు.

మీ ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో బండి పాకలో పడి ఉంటే, రేకు సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు పెట్టెలు వెతికి సి-బుక్కు బయటికి తీయండి, వారసుల పేరు మీదికి మార్పించండి. సంతకం పెట్టాల్సినవాళ్ళు ఉండగానే ఆ పని పూర్తిచేయండి.